క్లిక్ లేని పాటలకి డ్రమ్స్ వాయించాను: నా అనుభవం

ముందే ఒక మాట చెప్పేస్తా. మేం అన్న అని పిలిచే మా పాటగాణ్ణి బ్యాండ్‌లోంచి తీసేసిన నలుగురిలో నేనూ ఉన్నాను. తీసేశాం అనడం కూడా పెద్ద మాటే, మొహం మీద చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఒక శనివారం రిహార్సల్‌కి రమ్మని ఫోన్ చెయ్యలేదు. పై శనివారమూ చెయ్యలేదు. ఎందుకని ఆయనా అడగలేదు. మూడో వారానికి కొత్త వాట్సాప్ గ్రూపు ఒకటి తయారైంది, అందులో ఆయన నంబరు లేదు. ఇది దాచి మిగతాది చెబితే, నేనేదో స్నేహితుడి సోలో రికార్డుకి సాయం చేసిన మంచివాడిలా కనబడతాను.

మాది సైకెడెలిక్ రాక్ అని మేమే చెప్పుకునేవాళ్ళం. అంటే ఫోన్‌లో తంబూరా యాప్ ఆన్ చేసి, దాన్ని శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ వినిపించే డిలే పెడల్‌లోకి తోసి, ఆ హోరులో గిటార్‌ని నానబెట్టి, పది పన్నెండు నిమిషాలు ఒకే పాట సాగదీయడం. సాహిత్యం తెలుగులో, అన్నదే. గొంతూ ఆయనదే. జనం వచ్చేది కూడా ఆయన కోసమే, ఇప్పుడు ఒప్పుకోడానికి నాకేం నామోషీ లేదు. జూబ్లీహిల్స్‌లో, గచ్చిబౌలిలో వారాంతాల్లో వాయించేవాళ్ళం. మధ్యలో ఎవరో ఒకరు స్టేజి దగ్గరికొచ్చి సినిమా పాట అడిగితే, అన్న నవ్వి, ఆ పాట మొదటి లైను పాడి, అక్కణ్ణుంచి మెల్లగా తన పాటలోకి జారిపోయేవాడు. అడిగినవాడికి కూడా ఎప్పుడు జారాడో తెలిసేది కాదు.

వాళ్ళ నాన్నగారు పోయాక ఆ జారడం ఎక్కువైంది. రిహార్సల్‌కి వచ్చి గిటార్ బయటకి తియ్యకుండా గంటసేపు కూర్చునేవాడు. ఒక రాత్రి పబ్బులో ఒకే లైను, గిటార్ మీద ఒకే కార్డు (కలిపి మోగించే స్వరాలు) పట్టుకుని, ఇరవై నిమిషాలు పాడాడు. మొదటి ఐదు నిమిషాలు, నిజంగా చెబుతున్నా, నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పదో నిమిషంలో బేసిస్టు నా వైపు చూశాడు. పదిహేనో నిమిషానికి మేనేజరు వచ్చి స్టేజి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేం తర్వాతి పాట ఎత్తుకున్నాం, ఆయన మాత్రం అదే కార్డు. ఆ రోజు డబ్బుల్లో సగం కోత. దాని తర్వాత శనివారమే ఫోన్ చెయ్యని శనివారం.

పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండ్ గురించి తెలిసినవాళ్ళకి ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 1968 జనవరిలో వాళ్ళు సౌతాంప్టన్‌లో షోకి బండిలో వెళ్తూ, తమ పాటగాడు సిడ్ బారెట్‌ని ఎక్కించుకుందామా అని ఒకరంటే, ఎందుకులే అని ఇంకొకరన్నారు. అంతే, ఆ బ్యాండ్‌లో అతని కథ అక్కడితో అయిపోయింది. బయటికి ప్రకటించింది ఏప్రిల్‌లో. 1967 ఆగస్టులో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు రాసింది అతనే, అప్పటికి అతనికి 21 ఏళ్ళు. ఆర్నెల్లు తిరక్కుండానే బండిలో చోటు లేకుండా పోయింది. కాలేజీలో ఇది చదివినప్పుడు ఎంత దుర్మార్గులురా అనుకున్నాను. మా కొత్త గ్రూపు తయారైన రోజు కూడా ఇది గుర్తొచ్చింది. గుర్తొచ్చి, గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నాను.

తర్వాత ఆర్నెల్లకే ఆ బ్యాండూ పోయింది, దాని గురించి చెప్పుకోడానికేం లేదు.

రెండేళ్ళ తర్వాత ఒక రాత్రి పదకొండింటికి అన్న దగ్గర్నుంచి మెసేజ్. "తమ్ముడూ, ఐదు పాటలు చేశా. డ్రమ్స్ వెయ్యి. తొందరేం లేదు." కింద ఐదు ఫైళ్ళు. ఎలా ఉన్నావు అని లేదు, ఇన్నాళ్ళూ ఏమైపోయావు అని లేదు. నేను అరగంట ఆలోచించి "సరే అన్నా" అని పెట్టాను.

మల్కాజిగిరిలో వాళ్ళ ఇంట్లో, ముందు గదిలో కూర్చుని, ఒకే మైకు పెట్టి పాట, గిటార్ కలిపి రికార్డు చేశాడు. క్లిక్ లేదు. క్లిక్ అంటే, తెలియనివాళ్ళకి, చెవిలో టక్ టక్ మని కొట్టే మెట్రోనోమ్. అందరూ దానికి కట్టుబడి వాయిస్తే తర్వాత ఎవరు ఏది కలిపినా అతుకుతుంది. మామూలుగా ముందు డ్రమ్స్, తర్వాత బేస్, గిటార్, చివర్న గొంతు. ఇక్కడ స్లాబు ముందే వేసేసి, ఇప్పుడు కిందకెళ్ళి పునాది తవ్వమన్నట్టుంది. పైగా రెండో పాటలో కుక్కర్ మూడు విజిల్స్, మూడో పాటలో స్టేషన్ వైపు నుంచి రైలు హారన్. ఆ హారన్ పాట శ్రుతికి కొంచెం కింద ఉంటుంది. అన్న దాన్ని విని ఆ పక్క లైను అర స్వరం దించి పాడాడు, అది నాకు నాలుగోసారి వింటే గానీ పట్టుబడలేదు.

మొదట నేను చేసింది అందరూ చేసే పని. లెక్కపెట్టాను. నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు, మూడున్నర. మూడున్నర ఏంట్రా అని మళ్ళీ లెక్కపెడితే ఈసారి నాలుగుంపావు వచ్చింది. ఒక లైను ఉంది, "వాన ఆగింది గానీ చెట్టు ఆగలేదు" అని. "గానీ" దగ్గర ఆగుతాడు. మొదటి చరణంలో ఆ ఆగడం ఒకలా, రెండో చరణంలో ఇంకోలా, మూడోసారి అసలు ఆగడు.

సరే అని ఫైల్‌ని లాప్‌టాప్‌లో వేసి గ్రిడ్ మీదకి, అంటే తాళం గళ్ళ మీదకి, లాగాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లన్నీ ఆ పని చేస్తాయి, ఒక్కో మాటనీ పట్టుకుని ముందుకో వెనక్కో జరిపి తాళంలో కూర్చోబెట్టొచ్చు. రెండు రాత్రులు కూర్చుని "చెట్టు" పాటని చక్కగా, గీత గీసినట్టు సరిచేశాను. ప్లే నొక్కాను. మా ఆవిడ వంటింట్లోంచి "ఎవరిదీ యాడ్?" అంది. డిలీట్ చేశాను.

అప్పుడు మళ్ళీ బారెట్ దగ్గరికి వెళ్ళాను. బ్యాండ్ వదిలాక అతను చేసిన మొదటి సోలో ఆల్బమ్, "ది మ్యాడ్‌క్యాప్ లాఫ్స్", 1970 జనవరిలో వచ్చింది. పదమూడు పాటలు. దాన్ని ఇంతకుముందు పాటగాడి కోసం వినేవాణ్ణి, ఈసారి డ్రమ్మర్ల కోసం విన్నాను. పొద్దున మెట్టుగూడలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగేదాకా, సాయంత్రం మళ్ళీ అటు నుంచి ఇటు, మూడు వారాలు అదే.

ఆ ఆల్బమ్ తయారైన తీరు వింటే నా ఐదు ఫైళ్ళు చాలా నయం అనిపించింది. 1968లో వాళ్ళ పాత మేనేజరు పీటర్ జెన్నర్ స్టూడియోకి తీసుకెళ్ళి ప్రయత్నించాడు, పెద్దగా ఏమీ తేలలేదు. 1969 ఏప్రిల్‌లో హార్వెస్ట్ అనే రికార్డు లేబుల్ చూసుకునే మాల్కమ్ జోన్స్ ఆబీ రోడ్ స్టూడియోలో మళ్ళీ మొదలుపెట్టాడు. చాలా పాటలు ముందు సిడ్ ఒక్కడే గిటార్ పట్టుకుని పాడేశాడు. ఆ టేపుల్లో కొన్నిటి మీద వాయించమని సాఫ్ట్ మెషీన్ బ్యాండ్ వాళ్ళని పిలిచారు. వాళ్ళేం తక్కువవాళ్ళు కాదు, జాజ్ లెక్కల్లో ఆరితేరినవాళ్ళు. పాట ఏ శ్రుతిలో ఉంది సిడ్ అని అడిగితే, అవును అనేవాడట. ఇది డ్రమ్మర్ రాబర్ట్ వయాట్ చెప్పిన సంగతే. అదంతా రిహార్సల్ అనుకున్నాను, అదే రికార్డులో వచ్చేస్తుందనుకోలేదు అని కూడా అన్నాడు.

ఆ పాటల్లో "నో గుడ్ ట్రయింగ్" విన్నప్పుడు ఒక సంగతి గమనించాను. వయాట్ చాలాచోట్ల సిడ్‌ని ముందుగా అందుకోవాలని చూడడు. సిడ్ మలుపు తిరిగాక, తిరిగాడని తెలిశాక, వెనకాలే తిరుగుతాడు. ఒక్కోసారి ఆలస్యంగా. ఆ ఆలస్యం వినబడుతుంది కూడా. సైకిల్ తొక్కే పిల్లాడి వెనక తండ్రి పరిగెత్తినట్టుంటుంది. ఇది అర్థమయ్యాక నాకు ఉత్సాహం వచ్చి జామ్ ప్యాడ్ (వాయించుకోడానికి అద్దెకిచ్చే గది) బుక్ చేసుకుని వెళ్ళి కూర్చున్నాను, గంటకి ఆరు వందలు, మూడు గంటలు. ఏమీ కాలేదు. వెనకాల పరిగెత్తడానికి కూడా అవతలివాడు ఎటు పోతాడో లోపల ఏదో తెలియాలి, నాకు తెలియడం లేదు. పద్దెనిమిది వందలు కట్టి ఇంటికొచ్చాను.

మా పెదనాన్న తెనాలిలో ఉంటారు, ఇప్పుడు 78. ఒకప్పుడు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. వేరే పని మీద ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ బాధ చెప్పాను. పంపించరా విందాం అన్నారు. రాక్ పాట పెదనాన్నా, నీకు నచ్చదు అన్నాను. పంపించమన్నాగా అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆరింటికి ఫోన్.

"ఒరేయ్, ఆ అబ్బాయి పద్యం పాడుతున్నాడు. నువ్వేమో పాటకి వాయిస్తున్నావు."

నాకు సగమే అర్థమైంది. ఆయన చెప్పుకుంటూ పోయారు. నాటకంలో పద్యం ఎత్తుకున్నాక తబలా వాడికి పనుండదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. హార్మోనిస్టు ఒక్కడే వెంట ఉంటాడు. ఆర్టిస్టు ఎక్కడ రాగం తీస్తాడో, ఎక్కడ తెగ్గొడతాడో ముందే రాసిపెట్టి ఉండదు, జనం వన్స్‌మోర్ అంటే రెండోసారి ఇంకోలా తీస్తాడు. మరి నీకెలా తెలిసేది అని అడిగాను. "మాట తెలుసుగా నాకు. పద్యం నాకూ నోటికి వచ్చు. ఏ మాట దగ్గర వాడికి గాలి అయిపోతుందో తెలుసు. వాడు గాలి పీల్చుకునే చోటే నాది. మిగతాదంతా వాడిది, అక్కడ నేను శ్రుతి పట్టుకుని కూర్చోవడమే." తర్వాత, నీ పెట్టెలు ఎన్ని అని అడిగారు. డ్రమ్స్ అని అర్థం చేసుకుని ఐదు, సింబల్స్ కాకుండా అన్నాను. రెండు చాలు అన్నారు.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఐదు పాటల మాటలూ చేత్తో రాశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కో లైనూ వింటూ, అన్న ఊపిరి పీల్చిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత. చిన్న ఊపిరికి చిన్న గీత, పెద్దదానికి పెద్దది. "వాన ఆగింది గానీ" తర్వాత మొదటి చరణంలో పెద్ద గీత, రెండులో చిన్నది, మూడులో లేదు, ఎందుకంటే మూడోసారి "ఆగింది" ముందే పీల్చేసుకున్నాడు. రెండు నెలలుగా నన్ను సతాయించిన మూడున్నర అదన్నమాట. వారం రోజులు పాటలన్నీ నోటికి వచ్చేదాకా స్కూల్లో ఎక్కాలు చదివినట్టు చదివాను. ఆఫీసు క్యాంటీన్‌లో పెదాలు కదుపుతుంటే పక్క టీమ్ అమ్మాయి మంత్రమా అని అడిగింది.

తర్వాత జామ్ ప్యాడ్‌కి వెళ్ళినప్పుడు ఫ్లోర్ టామ్ అనే పెద్ద డ్రమ్ము, రైడ్ అనే పెద్ద సింబల్, రెండే పెట్టుకున్నాను. స్నేర్ అనే గరగరలాడే చిన్న డ్రమ్ము కూడా తీసేద్దామనుకున్నా గానీ మనసొప్పక పక్కన పెట్టాను, దాన్ని ఒక్క పాటలోనే వాడాను. కర్రలు కాకుండా, మొనకి ఊలు చుట్టిన మ్యాలెట్లు. మాట నడుస్తున్నంతసేపూ రైడ్ మీద సన్నగా, శ్రుతిలా. ఎర్ర గీత దగ్గర టామ్ మీద ఒక దెబ్బ, రెండు దెబ్బలు, గీత పెద్దదైతే మూడు. బారెట్ ఆల్బమ్‌లో "గోల్డెన్ హెయిర్" అని ఒకటుంది, జేమ్స్ జాయిస్ 1907 నాటి పద్యానికి అతను కట్టిన బాణీ. అందులో దరువు లేదు, సింబల్ ఒకటి ఊరికే సన్నగా మోగుతూ ఉంటుంది. మూడు వారాలు మెట్రోలో ఆ పాట వచ్చినప్పుడల్లా డ్రమ్స్ లేవు కదా అని దాటేశాను. నేర్చుకోవాల్సింది దాంట్లోనే ఉంది.

అన్నీ ఒకే రోజు అయిపోలేదు. నాలుగు ఆదివారాలు పట్టింది. హెడ్‌ఫోన్స్‌లోంచి అన్న గొంతు బయటికి కారి నా మైకుల్లో పడేది, దానికోసం చెవుల మీద టవలు చుట్టుకుని వాయించాను, మే నెలలో, ఏసీ చప్పుడు వస్తుందని ఏసీ కూడా ఆపేసి. రెండో పాట ఏడు టేకుల్లో అయింది. "చెట్టు" 41 టేకులు. ఇరవై ఎనిమిదో టేకులో చెమటకి మ్యాలెట్ చేతిలోంచి జారి సింబల్ స్టాండ్ మీద పడి టంగుమంది, నేనొక బూతు మాట అన్నాను, అదీ రికార్డయింది. అన్నీ చెరిపేసి 41వది ఉంచాను.

మిక్సింగ్‌లో కూర్చున్నప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఐదో పాట మొదట్లో అన్న తప్పు శ్రుతి ఎత్తుకున్నాడు. ఆగాడు. "అది కాదు, అది కాదు" అన్నాడు, కాగితం తిప్పిన చప్పుడు, మళ్ళీ ఎత్తుకున్నాడు, గొంతు పగిలింది, ఆగాడు, "ఉండు, వస్తుంది" అన్నాడు. గదిలో ఎవరూ లేరు. ఎవరితో అన్నాడో. మూడోసారికి పాట వచ్చింది. ఆ నలభై సెకన్లు వింటే నాకు గుండె పట్టేసినట్టయింది, ఉంచేద్దాం, ఇంతకంటే నిజం ఇంకేముంటుంది అనుకున్నాను. రికార్డులన్నీ ఇప్పుడు ఇస్త్రీ చేసినట్టుంటాయి, ఇదొక్కటైనా ముడతలతో ఉండనీ అని.

మ్యాడ్‌క్యాప్‌లో సరిగ్గా అలాంటిదే ఉంది. ఆల్బమ్ సగంలో ఉండగా నిర్మాణం డేవిడ్ గిల్మోర్, రోజర్ వాటర్స్ చేతికి వచ్చింది. ఇద్దరూ అతన్ని బండి ఎక్కించుకోని బ్యాండ్ వాళ్ళే, పైగా గిల్మోర్ అతని స్థానంలోకి వచ్చినవాడు. అప్పటికి వాళ్ళకి "ఉమ్మగుమ్మా" అనే తమ బ్యాండ్ ఆల్బమ్ పని ఉంది, ఖాళీ లేదు, జూన్ జులై 1969లో రెండు మూడు సెషన్లలో మిగతా పాటలు గబగబా లాగించారు. "ఇఫ్ ఇట్స్ ఇన్ యూ" అనే పాటలో సిడ్ ఎత్తుకోలేక గొంతు చీరుకుపోయి ఆగిపోవడం, మళ్ళీ చేస్తానని అనడం, అన్నీ అలాగే ఉంచేశారు. పాటకీ పాటకీ మధ్య కాగితాలు తిప్పడం కూడా. అది విని మాల్కమ్ జోన్స్‌కి కోపం వచ్చింది. సిడ్ ఎలా ఉన్నాడో జనానికి చూపిద్దామనుకున్నామేమో, లేక అతన్ని శిక్షిద్దామనుకున్నామేమో అని తర్వాతి కాలంలో గిల్మోరే సందేహపడ్డాడు. ఏది నిజమైనా, అదే గిల్మోర్ 1970లో సిడ్ రెండో ఆల్బమ్‌కి కూడా కూర్చున్నాడు, రిచర్డ్ రైట్‌తో కలిసి. ఆ తర్వాత సిడ్ ఆల్బమ్ చెయ్యలేదు. కేంబ్రిడ్జికి వెళ్ళిపోయి బొమ్మలు వేసుకుంటూ, తోటపని చేసుకుంటూ, 2006 జులైలో అరవయ్యో ఏట పోయాడు.

ఇదంతా తెలిసి కూడా నేను ఉంచేద్దామనే అనుకున్నాను. నాది వేరు, నాది ప్రేమ అని నాకు నేను చెప్పుకున్నాను. అయినా అడగాలి కదా అని ఒక ఆదివారం పెన్ డ్రైవ్‌లో వేసుకుని మల్కాజిగిరి వెళ్ళాను. రెండేళ్ళలో అదే మొదటిసారి ఎదురుపడడం. వదిన తలుపు తీసి "ఏమయ్యా, దారి తెలిసిందా" అంది. అన్న కొంచెం లావయ్యాడు, గడ్డం తీసేశాడు, బానే ఉన్నాడు. బ్యాండ్ సంగతి నేనెత్తబోతే "టీ తాగు ముందు" అన్నాడు.

ఐదు పాటలూ వరసగా విన్నాడు, కళ్ళు మూసుకుని కాదు, కిటికీలోంచి రోడ్డు చూస్తూ. "చెట్టు" అయ్యాక తల తిప్పి, "ఎక్కడ ఆగుతానో ఎలా పట్టావురా, నాకే తెలీదు" అన్నాడు. పెదనాన్న సంగతి చెబితే పెద్దగా నవ్వాడు. ఐదో పాట వచ్చింది. "అది కాదు, అది కాదు" వినబడగానే నవ్వు ఆగింది. పాట పూర్తయ్యేదాకా ఉండి, "ఇది ఉంచావేం?" అన్నాడు.

నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. నిజాయితీ, పచ్చిదనం, బారెట్, 1970. ఆయన అంతా విన్నాడు.

"నువ్వు 'చెట్టు'కి ఎన్ని టేకులు తీసుకున్నావు?"

"నలభై ఒకటి."

"మిగతా నలభై ఏవి?"

నా దగ్గర జవాబు లేదు. వదిన వచ్చి గ్లాసులు తీసుకెళ్ళింది. అన్న మళ్ళీ కిటికీ వైపు తిరిగి, "రైలు ఉంచు, కుక్కరు ఉంచు, మీ వదిన సంతోషిస్తుంది" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ నలభై సెకన్లు కోసేశాను. లాప్‌టాప్ రీసైకిల్ బిన్‌లో వెతికితే ఇరవై ఎనిమిదో టేకు ఇంకా ఉంది, టంగుమన్న చప్పుడు, ఆ వెంటనే నా బూతు మాట. బూతు తీసేసి చప్పుడు మాత్రం "చెట్టు" చివర్న, ఆఖరి మాట అయిపోయాక, ఒక్కసారి వచ్చేట్టు పెట్టాను. ఐదు పాటలూ ఆగస్టులో యూట్యూబ్‌లో పెట్టాం, ఇప్పటికి పదకొండు వందల మంది విన్నారు, అందులో ఓ రెండు వందలు పెదనాన్నవే అయ్యుంటాయి. చివర్న ఆ చప్పుడేంటని కింద ఒకరు అడిగారు. అన్న జవాబు రాశాడు, "డ్రమ్మర్" అని.